జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది

చిన్న మంగళారం
3 జూన్ 2024

చెల్లెలు లిదియాకు,

1986 మార్చిలో నువ్వొక మాట ఇచ్చావు. శనివారం సెలవు పెట్టి వస్తానని, మంచం పక్కన కూర్చుని, సమాధుల తోటలో ఎవరు ఎక్కడ ఉన్నారో బాపు చెబుతుంటే రాసుకుంటానని. ముప్పై ఏళ్లు ఆ తోటలో గుంతలు తవ్విన మనిషి. పైన రాయీ శిలువా లేని సమాధులన్నీ ఆయన తలలోనే ఉండేవి. కాగితం, కలం పట్టుకుని నేను కూర్చుంటే "నీకు తోట తెల్వది కొడుకా, లిదియ రానీ" అన్నాడు. బీయే, బీయెడ్ చదివినవాడికి తెలియదట. శనివారమంతా గడప వైపు చూశాడు. ఆదివారం కూడా చూశాడు. సోమవారం ఆయన్నే ఆ తోటకు మోసుకుపోయాం. నువ్వు మంగళవారం వచ్చావు.

తిట్టడానికి రాయడం లేదు. ఈ మాట ఎత్తకుండా మొదలుపెడితే ఉత్తరం నాది కాదేమోనని నువ్వు అనుమానపడతావు.

విషయం కంప్యూటరు. నువ్వు వదిలేసిన పనిని నేను ముసలివాళ్ల గడపలు ఎక్కి దిగి పూర్తి చేశానని నీకు తెలుసు. రెండు వందల పన్నెండు మంది. పేరు, ఎవరి బిడ్డ, గేటు నుంచి ఎంత దూరం, అంతా పట్టికగా యంత్రంలోకి ఎక్కించాను. పడమటి వైపు అరవై ఒక్క పేర్లు ఈ రెండేళ్లలోనే ఎక్కాయి. ఎక్కించిన కాగితాలు నీళ్ల పొయ్యిలో వేశాను. ప్రింటరులో సిరా ఎండిపోయి ఏడాదైంది.

ఇప్పుడు తోట పడమటి కంచె అవతల ఫామ్‌హౌజ్ ప్లాట్లు వేశారు. వాటిని అమ్మిపెట్టే రాకేష్ వచ్చి, నాకు వినపడదని కాగితం మీద రాసి చూపించాడు: "సార్, కంచె పక్కన గడ్డే ఉన్నది గద, బొందలున్నట్టు రుజువేంది?" నా విద్యార్థే. తొమ్మిదో తరగతిలో వీడికి ముప్పై అయిదు మార్కులు నేను దానంగా వేశాను. జీవితంలో చేసిన పొరపాట్లలో అదొకటి. జూలై 22న సర్వేయరు వస్తుంది. ఎవరు ఎక్కడున్నారో పట్టిక చూపిస్తే కంచె ఉన్నచోటే ఉంటుంది. చూపించకపోతే పడమటి వైపు ఇరవై గజాలు వాళ్ల గోడ లోపలికి పోతుంది, మనుషులతో సహా.

ఆ పట్టిక ఉన్న యంత్రం పావుగంట కంటే ఎక్కువ నిలబడడం లేదు. పంఖా గట్టిగా తిరుగుతుంది, తెర నీలంగా మారుతుంది, ఆరిపోతుంది. మీ ఇంటి కింద కంప్యూటర్ల దుకాణం ఉందని విన్నాను. అడిగి రాయి. ఫోను చేయకు. ఎత్తితే చీమల పుట్టకు చెవి ఆనించినట్టు ఉంటుంది. మన మధ్య ఇరవై కిలోమీటర్లు లేవు. ఉత్తరం మాత్రం హైదరాబాదు చూసి వస్తుంది కాబట్టి వెంటనే రాయి.

నీ అన్న
ఎజ్రా


చేవెళ్ల
8 జూన్ 2024

అన్నకు వందనాలు.

నీ ఉత్తరంలో మొదటి పేరా చదివి, పక్కన పెట్టి, పప్పు పొయ్యి మీద పెట్టి, బీరకాయ తరిగి, అప్పుడు రెండో పేరా చదివాను. ముప్పై ఎనిమిదేళ్లుగా నీ ఉత్తరాలు ఇట్లాగే చదువుతున్నాను.

కింది మడిగెలో దుకాణం పెట్టుకున్న ఆనంద్ బాబు దగ్గరికి పోయి కంప్యూటరు ముక్క వరకు చదివి వినిపించాను. "అక్కా, ఆన్ చేసినప్పుడు బీప్ ఎన్నిసార్లు కొడ్తున్నదో అడుగు. పొడుగ్గనా, పొట్టిగనా?" అన్నాడు. మా అన్నకు వినపడదయ్యా అన్నాను. "అయితే ఫోన్ చేసి అడుగు" అన్నాడు. మంచివాడే. తల ఎప్పుడూ ఏదో డబ్బాలో ఉంటుంది.

ఈలోగా నిన్నొకటి చేయమన్నాడు. డబ్బా పక్క రేకు విప్పితే లోపల జానెడు పచ్చ పట్టీ ఉంటుందట, ర్యామ్ అంటారు. రెండు చివర్లా కొక్కేలు వెనక్కి నూకితే పైకి వస్తుంది. దాని అంచున బంగారు రంగు పళ్లుంటాయి. వాటిని పెన్సిలు రబ్బరుతో రుద్ది, ఊది, మళ్లీ టిక్కుమని కూర్చునేదాకా నొక్కాలి. సగం జబ్బులు దీనికే పోతాయట. ముందు కరెంటు వైరు పీకు. ఇది ఆయన మాట కాదు, నాది.

బీపీ గోలీ పొద్దున వేసుకుంటున్నావా, గుర్తొచ్చినప్పుడు వేసుకుంటున్నావా?

చెల్లెలు
లిదియా


చిన్న మంగళారం
13 జూన్ 2024

లిదియాకు,

చెవిటివాణ్ని బీపులు లెక్కపెట్టమన్న వైద్యుణ్ని వెతికి పట్టుకున్నావు, సంతోషం. పక్కింటి నీలమ్మను పిలిచి కూర్చోబెట్టాను. వేళ్లతో చూపించింది, ఒకటి పొడుగు, రెండు పొట్టి. మళ్లీ ఆన్ చేస్తే అయిదు. మూడోసారి తొమ్మిది. కిటికీ అవతల కంకర లారీ వెనక్కి వస్తోందని, దాని కూతలు కూడా కలిపిందని తర్వాత తెలిసింది. "నాకేమెరుక సారూ, లెక్కవెట్టుమన్నవు, వెట్టిన" అని చెవి దగ్గర అరిచింది. ఆమెను తప్పుపట్టలేను. ఈ ఊళ్లో రోజంతా ఏదో ఒక లారీ వెనక్కి వస్తూనే ఉంటుంది.

రబ్బరు కొని రుద్దాను. నలభై ఏళ్లు పిల్లలు రబ్బరుతో తప్పులు చెరుపుకుంటుంటే చూశాను. మందుగా వాడడం ఇదే మొదలు. పట్టీ రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి కూర్చుంది. ఆశ్చర్యం, యంత్రం రెండు రోజులు బుద్ధిగా పనిచేసింది. నేను పుస్తకాల్లో చదివిన గొప్ప మోసగాళ్లంతా ఇంతే, మొదట నమ్మకం కలిగిస్తారు. మూడో రోజు ఆరు నిమిషాలకే ఆరిపోయింది.

పైన ప్రేమమ్మ కుట్టిన గుడ్డ కప్పే ఉంచుతున్నాను, పనిచేసేటప్పుడు కూడా. ప్లాట్ల దుమ్ము అంతా ఇంట్లోనే ఉంది.

ఇంకొక వింత రాయడం మరిచాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇది తెర మూలన 2009 జనవరి ఒకటి అని చూపిస్తుంది. రెండేళ్లుగా ఇదే వరస. ఆ రోజు నీకు గుర్తుందా? కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ప్రేమమ్మ కేకు ముక్క పట్టుకుని నాకు ఇవ్వబోతుంటే కాకి తన్నుకుపోయింది. "పోనీ తియ్యి, అది గూడ పండుగ జేస్కోవాలె" అని కూలబడి నవ్వింది. యంత్రానికి ఆ రోజే ఎందుకు దొరికిందో తెలియదు.

ముప్పై తొమ్మిది రోజులున్నాయి. త్వరగా రాయి. గోలీ వేసుకుంటున్నాను.

ఎజ్రా


చేవెళ్ల
19 జూన్ 2024

అన్నకు,

ఆనంద్ బాబు నీ ఉత్తరం విని రెండు మాటలు చెప్పాడు.

ఒకటి, గుడ్డ. "నడిచేటప్పుడు కప్పుతరా ఎవలన్న? జరమొచ్చినోనికి రగ్గు కప్పినట్టు" అన్నాడు. ముప్పై అయిదేళ్లు నర్సుగా చేసి నాకే తట్టలేదు. వదినె కుట్టిందే కావచ్చు, ఆన్ చేసినప్పుడు తీసెయ్.

రెండు, తేదీ. లోపల గుండ్రటి సెల్లు ఒకటి ఉంటుందట, కరెంటు లేనప్పుడు కూడా తేదీ గుర్తుపెట్టుకోవడానికి. అది చచ్చిపోయింది. కొత్తది ఈ కవరులోనే కాగితానికి అంటించి పంపుతున్నాను. పాతది గోటితో లేపి ఇది పెట్టుకో. అయినా ఆరిపోతుంటే డబ్బానే ఇక్కడికి పంపాలట. "లోపలిదంత పక్కకు తీసి, ఫార్మాట్ కొట్టి, కొత్తగ ఎక్కిస్త. ఏది కావాల్నో సారును ఒక చీటీ రాసియ్యుమను" అన్నాడు. ఫార్మాట్ అంటే కడిగెయ్యడమట. తీసి పెట్టనిది ఏదీ మిగలదట. ఈ మాట రెండుసార్లు చదువుకో.

మోకాలు బాగాలేదు, లేకపోతే నేనే వచ్చి తీసుకుపోయేదాన్ని. నువ్వు రమ్మని కూడా అనలేదు, అది వేరే సంగతి.

లిదియా


చిన్న మంగళారం
24 జూన్ 2024

లిదియాకు,

ఈ ఉత్తరం పట్టుకొచ్చిన ఆటో మల్లేశ్ వెనక సీటులో డబ్బా ఉంది. పాత చీరతో సీటుకు కట్టించాను. దవాఖానకు తోలుకుపోయే మనిషిలా ఉందని దారిలో అందరూ చూస్తారు. చూడనీ.

సెల్లు వెనక్కి పంపుతున్నాను. పాతది తీయొద్దు. కొత్తది పెట్టొద్దు. ఆనంద్ బాబుకు ఇది గట్టిగా చెప్పు. జబ్బు ఆరిపోవడం, తేదీ కాదు. క్యాలెండరు నా గోడకు ఉంది, యంత్రం దగ్గర చూసుకోవలసిన అవసరం నాకు లేదు. కారణం అడగొద్దు.

చీటీ విడిగా రాసి డబ్బాకు అంటించాను. నువ్వూ చదువు. 'సమాధులు' అనే పేరుతో ఏడెనిమిది చోట్ల ఒకే పట్టిక ఉంటుంది. ఆరిపోతుందన్న భయంతో దొరికినచోటల్లా దాచాను. వాటిలో అన్నింటికంటే చివరి తేదీ ఉన్నది ఒక్కటి తీసిపెట్టాలి. మిగతావి పాతవి, చెత్త, పారేయవచ్చు. నా ఉత్తరాలు, వ్యాసాలు కూడా పోనీ. పంతులుగా పనిచేసిన రోజుల్లో మా హెడ్మాస్టరు చేసిన అన్యాయాల మీద నలభై పేజీలు రాసుకున్నాను, అదీ పోనీ. ఆయన పోయి పదేళ్లయింది. ఇప్పుడు ఎవరికి చూపిస్తాను?

పట్టిక ఒక్కటి చాలు.

ఎజ్రా


చేవెళ్ల
1 జూలై 2024

అన్నకు వందనాలు.

మల్లేశ్ చేతనే డబ్బా తిరిగి పంపుతున్నాను. బాగైంది! ఆనంద్ బాబు నా కళ్ల ముందే రెండు గంటలు నడిపించాడు, ఆరలేదు. లోపల దోసెడు దుమ్ము, ఒక బల్లి గుడ్డు ఉన్నాయి. నీ చీటీ గోడకు అంటించుకుని అక్షరం తప్పకుండా చేశాడు. చివరి తేదీ ఉన్న పట్టిక ఒకటి తీసి, మిగతాదంతా కడిగి, కొత్తగా ఎక్కించి, పట్టిక తెర మధ్యలో పెట్టాడు.

సెల్లు ముట్టలేదు. "గింత సెల్లుకు సారు గంత పట్టుదల ఎందుకక్కా?" అన్నాడు. మా అన్న సంగతి నీకు తెలియదులే అన్నాను. నిజానికి నాకూ తెలియదు.

సర్వేకు ఇంకా మూడు వారాలుంది. ఈసారి మాట నిలబెట్టుకున్నాను కదా? ఒక్క మంచి మాట రాయి, కార్డు మీద రాసినా సరే.

లిదియా


చిన్న మంగళారం
5 జూలై 2024

లిదియాకు,

మంచి మాట అడిగావు. పట్టిక తెరిచాను. నూట యాభై ఒక్క మంది ఉన్నారు. అరవై ఒక్క మంది లేరు.

ఇది 2021 నాటి పట్టిక. పడమటి వైపు ఒక్క పేరు లేదు. రాకేష్ అడిగిన జాగా ఎట్లా ఉందో నా పట్టికలో కూడా అట్లాగే ఉంది, ఖాళీగా. నాకు పేర్లు చెప్పినవాళ్లలో ఇద్దరు తప్ప అందరూ పోయారు. ఆ ఇద్దరిలో ఒకరికి మతి లేదు. నాకు గుర్తున్నవి పదో పన్నెండో. అవి కూడా ఏ చోటో చెప్పలేను. యంత్రానికి అప్పగించాను కదా అని తలలో ఉంచుకోలేదు.

వాడు కడిగింది నా రెండేళ్లను కాదు, ఆ మనుషులను. ఒకసారి మట్టిలో పెట్టాం, ఇప్పుడు మళ్లీ పెట్టాం. వాడి తల డబ్బాలో ఉంటుందని రాశావే, అది తల అని ఎట్లా అనుకున్నావు? పక్కన కుర్చీ వేసుకుని రెండు గంటలు చూశావు. ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టాలని తోచలేదా? మొదటిసారి రాకుండా పోగొట్టావు. రెండోసారి దగ్గరుండి పోగొట్టావు.

ఇక రాయకు.

ఎజ్రా


చేవెళ్ల
9 జూలై 2024

అన్నా,

రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇది నీ ఉత్తరాల్లా పప్పు ఉడికే లోపల చదివేది కాదు, కూర్చుని చదువు.

కిందికి పోయి ఆనంద్ బాబును నిలదీశాను. పాపం ముఖం మాడిపోయింది. చీటీ చూపించాడు. "సారు రాసినట్టే జేసిన అక్కా. అన్నిట్ల చివరి తేదీ 2021ది. మిగతావన్ని 2009వి ఉండె. పదిహేనేండ్ల పాతవి, చెత్తనే అనుకున్న" అన్నాడు. అప్పుడు ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెండేళ్లుగా నువ్వు దాచిన ప్రతి దాని మీదా ఆ యంత్రం 2009 అనే ముద్ర వేసింది. సెల్లు సంగతి మూడు వారాల కింద ఆయనే చెప్పాడు, మరిచాడు. నేను ఉత్తరంలో చదివాను, నాకు తట్టలేదు. నువ్వు రోజూ చూశావు, అయినా చివరి తేదీ తీయమని రాశావు. ముగ్గురం కలిసి చేశాం. వంతులు వేసుకోవాలంటే నీ వంతు తక్కువ కాదు.

ఇక 1986. ఆ వారం నేను పనిచేసే ఊళ్లో వాంతులు, విరేచనాలు. దవాఖానలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టాం. ముగ్గురు పిల్లలు నా చేతుల్లోనే పోయారు. సెలవు రద్దు చేశారు. బస్సు డ్రైవరుతో కబురు పంపాను. అది మీకు అందలేదని మంగళవారం వచ్చేదాకా తెలియదు. చెప్పబోతే నువ్వు గోడ వైపు తిరిగావు. వదినె ఒక్కతే విన్నది. నీకు చెప్పిందో లేదో. చెప్పినా నువ్వు విని ఉండవు, అప్పట్లో చెవులు బాగానే ఉన్నా.

ఇంకొక మాట. ఊళ్లో ముసలివాళ్లందరి గడపలూ ఎక్కావు. నా గడప ఎప్పుడైనా ఎక్కావా? నువ్వు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో బాపుకు సద్ది మోసింది ఎవరు? ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా నేనే. ఆయన గుంత తవ్వుతుంటే గట్టు మీద కూర్చునేదాన్ని. తినేటప్పుడు పార కామతో చూపిస్తూ "గీడ కృపమ్మ, గీడ ఆమె బిడ్డ, గా మూలకు గొర్ల యోనా" అని చెప్పేవాడు. కొలత కూడా ఆ కామతోనే, గేటు నుంచి ఇన్ని కామలు, వేప నుంచి ఇన్ని. ఆ కామ కర్ర నా దగ్గరే ఉంది. బూజు కర్రగా వాడుతున్నాను.

పడమటి వైపు నేను చిన్నగా ఉన్నప్పుడు తవ్వినవే. అన్నీ గుర్తున్నాయని చెప్పను. నడిస్తే కొన్ని వస్తాయి. ఎట్లాగూ తల వైపు బాపు పెట్టిన పలుగురాళ్లు ఉంటాయి కదా, వాటి గురించి నీ పట్టికలో రాశావు కదా?

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, మల్లేశ్ చేతికిస్తున్నాను. శనివారం వస్తున్నాను. నువ్వు తలుపు తీయకపోతే నేరుగా తోటకు పోతాను.

లిదియా


చిన్న మంగళారం
11 జూలై 2024

లిదియాకు,

ఏ పలుగురాళ్లు?

ఈ చీటీ మల్లేశ్ చేతనే పంపుతున్నాను, శనివారం తొమ్మిదింటికి ఆటోతో మీ మడిగె ముందు ఉంటాడు. కామ మరిచిపోకు.

ఎజ్రా


చేవెళ్ల
25 జూలై 2024

అన్నకు వందనాలు.

మొన్న సర్వే రోజు నీ చుట్టూ అంత మంది మాట్లాడుతుంటే నువ్వు అందరి నోళ్లూ చూస్తూ నిలబడ్డావు. ఎవరేమన్నారో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఆ శనివారం మనిద్దరం తోటలో నడిచి రాసుకున్న నోటుబుక్కును సర్వేయరు ఉమారాణి మొదట తిప్పి చూసి, "ఇది వారం కిందట రాసిందే గదమ్మా, పాత రికార్డు కాదు గద" అన్నది. రాకేష్ నవ్వి, "మేడం, ముసలోళ్లిద్దరు కూసోని పేర్లు రాసుకున్నరు, గంతే" అన్నాడు. అప్పుడు నేను కామ ఆమె చేతిలో పెట్టాను. గేటు నుంచి ముప్పై ఒకటి, వేప వైపు పన్నెండు, అక్కడ తల వైపు జానెడు గీకించమన్నాను. తెల్ల పలుగురాయి బయటపడింది. పైన పెడితే పశువులు తన్నేస్తాయని బాపు మట్టి కింద పెట్టేవాడనీ, ఆ రాళ్లు వాగులో ఏరి గౌను ఒడిలో మోసుకొచ్చింది నేనేననీ చెప్పాను. ఆమె తనకు నచ్చిన చోటు చూపించి, "ఇక్కడ?" అన్నది. ఇక్కడ ఎవరూ లేరు, రెండు కామలు కుడికి జరగమన్నాను. అక్కడ కూడా దొరికింది. అట్లా తొమ్మిది చోట్ల.  చివరికి రాకేష్ చెప్పులు విడిచి పక్కకు నిలబడ్డాడు, చూశావా? నీ ముప్పై అయిదు మార్కులు ఊరికే పోలేదు. ఉమారాణి పోయేటప్పుడు, "కంచె జరుగదు, ఉన్నకాడికే రాస్తున్న" అన్నది. నువ్వు తల ఊపావు, విన్నావనే అనుకున్నారు అందరూ.

సర్వేకు ముందు మనం గునపంతో తట్టి చూసుకున్నప్పుడు అరవై ఒకటిలో యాభై ఎనిమిది రాళ్లు దొరికాయి. నలభై ఏడింటికే పేర్లు చెప్పగలిగాను. పదకొండు మందిని పేరు లేకుండా రాశాం. ఆ పదకొండు మంది నాకు నిద్రలో వస్తున్నారు. ఇరవై ఏళ్ల కింద అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. పోనీలే.

మోకాలు వాచింది. ఉప్పు కాపడం పెడుతున్నాను.

ఆ రోజు అడగాలనుకుని అడగలేకపోయాను. నీ చెవిలో అరిస్తే ఊరంతా వింటుంది. బుక్కు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాను. వదినె పేరు ఎక్కడా లేదు. ఆమె పోయి ఆరేళ్లయింది, మనమే మోశాం, గేటు లోపల ఎడమ పక్కనే ఉంది. పాత పట్టికలో కూడా లేదు. మరిచిపోయే మనిషివి కాదు నువ్వు. ఎందుకు రాయలేదన్నా?

ఇంకొకటి. కొత్త సెల్లు మీ ఇంట్లో దీపం పక్కన పెట్టి వచ్చాను. పెట్టుకోమని చెప్పను.

లిదియా


చిన్న మంగళారం
31 జూలై 2024

చెల్లెలు లిదియాకు,

మోకాలికి కాపడం ఒక్కటే చాలదు, డాక్టరుకు చూపించు. నర్సులు చెప్పినంత బాగా వినరు.

నువ్వు రాసిన మాటలన్నీ చదివాను. ఆ రోజు నాకు వినపడింది ఏమీ లేదు కానీ, రాయి మీద గునపం తగిలిన ప్రతిసారీ నీ ముఖం చూశాను. బాపు చెప్పింది నిజమే. నాకు తోట తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ మాటను అవమానంగా మోశాను. అది చిరునామా అని అర్థం కాలేదు. నిన్ను అడగమన్నాడు, అంతే. చదువుకున్నవాడికి అది అర్థం కావడానికి ఇన్ని పుస్తకాలు అడ్డమొచ్చాయి.

కబురు సంగతి ప్రేమమ్మ ఒకసారి చెప్పింది. నువ్వు రాసింది నిజమే, నేను వినలేదు.

రాకేష్ ఇంటికి వచ్చి ఒక డజను అరటిపళ్లు ఇచ్చిపోయాడు. ఏదో రాసి చూపించాడు. అయిదు మాటల్లో మూడు తప్పులు. దిద్ది ఇచ్చాను. ఆనంద్ బాబు మీద కోపం లేదని చెప్పు. చీటీ రాసింది నేను. నా గోడ మీద తేదీ ఒకటి, తెర మీద తేదీ ఒకటి. రెండింటిలోనూ బతుకుతున్నానని చీటీ రాసేటప్పుడు గుర్తు రాలేదు. పొద్దున యంత్రం పెడితే 2009. ఆ తెర ముందు కూర్చున్నంతసేపు మీ వదినె వంటింట్లో ఉన్నట్టే. మొదట్లో రేపు రాద్దామని వాయిదా వేశాను, తర్వాత అట్లాంటి రోజున ఆమె పేరు సమాధుల పట్టికలో ఎట్లా ఎక్కిస్తాను? సెల్లు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందా? ఇంతటి తెలివితక్కువ కారణం నీకు రాయలేక, అడగొద్దని రాశాను. దానికి పదకొండు మంది పేర్లు పోయాయి, ముగ్గురి చోటే తెలియకుండా పోయింది. వాళ్లకు నేను ఏం సమాధానం చెప్పాలో తెలియదు. త్వరలోనే పక్కన పడుకుంటాను కాబట్టి అడుగుతారు.

నిన్న గుడ్డ తీసి, రేకు విప్పి, గోటితో పాత సెల్లు లేపాను. కొత్తది పెట్టి, గోడ మీది తేదీ చూసి యంత్రంలో దిద్దాను. కరెంటు తీసి మళ్లీ ఇచ్చాను. తెర మూలన 2024 జూలై 30 అని వచ్చింది.  తర్వాత నోటుబుక్కులోని యాభై ఎనిమిది వరుసలూ ఎక్కించాను. యంత్రం ఒక్కసారి కూడా ఆరలేదు. ఆరితే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది.

చివరి వరుస రెండు వందల పది. గేటు నుంచి కామతో నాలుగు, ఎడమకు రెండు. కామ నువ్వు మరిచిపోయి వెళ్లావో, వదిలి వెళ్లావో తెలియదు. ఆ నాలుగూ నేనే కొలిచాను.

పదకొండు మంది కోసం మళ్లీ ఒకసారి రా. నడుద్దాం. ఈసారి నువ్వు చెబుతుంటే నేను రాసుకుంటాను.

నీ అన్న
ఎజ్రా

తా.క. నీ మీద కోపం పోయింది. ఇన్నేళ్లు ఉన్నది కాబట్టి కొంచెం వెలితిగా ఉంది. బాపు మీద పోయింది. హెడ్మాస్టరు మీది ఆనంద్ బాబు కడిగేశాడు. ఒక్కరి మీద మాత్రం పోలేదు. "ముందు నిన్ను సాగనంపుత. నీ పుస్తకాలు పంచిపెడ్త, ఇల్లు ఊడ్చి తాళమేస్త, గప్పుడు నేనొస్త" అని నాకు వందసార్లు మాట ఇచ్చి, తప్పి, నాకంటే ముందే పోయిన మనిషి. రెండు వందల పదో వరుసలో ఎక్కించిన పేరు అదే. ప్రేమమ్మ.